తరముల నడుమ నవ్వు

నవ్వు నాలుగు విధముల చేటని మనలో నొక సామెత కలదు. అయినను నవ్వెఱుగని యింట నొకపూట గడుపుట కెవ్వరు నిష్టపడరు. నవ్వు మేలా, కీడా యను నీ పాత ప్రశ్నము కొన్ని మాసముల క్రిందట నొక చిన్న కాగితపు ముక్క మూలమున మా ముందునకు మరల వచ్చినది. దానికి మాకు దోచిన సమాధానమును చదువరుల యెదుట బెట్టుచున్నాము.

మా యూరు బుక్కరాయసముద్రము. అనంతపురమునకు అనతిదూరమున, పెద్దచెరువున కొక కొన నున్నది. మేము ఉపాధ్యాయులము గనుక, పరభాషలో వచ్చిన కాగితములను చదివిపెట్టుమని యిరుగుపొరుగువారు మా యరుగు మీదికి వచ్చుట యిప్పటికిని కలదు. అట్లే ఒకనాటి సాయంకాలము మా వీథిలోని వృద్ధ కృషీవలు డొకడు కవరు పట్టుకొని వచ్చెను. అమెరికాలో తల్లిదండ్రులతో నున్న ఆయన మనుమరాలు తాతగారి పుట్టినదినమునకు శుభాకాంక్షల కార్డు పంపినది. ఆ పుట్టినదినము ఆధారు కార్డులో నెవరో వ్రాసిన జనవరి 1వ తేదీ. అసలు పుట్టిన దినమేదో ఆయనకును దెలియదు. కరవు సంవత్సరమున బుట్టితినని మాత్రము చెప్పును. మా సీమలో ఆ గుర్తుచేత సంవత్సరము తేల్చుట కష్టము.

కార్డు మీద నొక బొమ్మ యున్నది. కండ్లద్దములు నుదుటి మీదికి నెట్టుకొన్న ముసలివాడొకడు టెలివిజను రిమోటును చెవి కానించుకొని బిగ్గరగా మాటలాడుచున్నాడు. ప్రక్కనే పాలపండ్లు రాలని పసిపిల్ల ఫోను చేతబట్టి జాలిగా ఆయనవైపు చూచుచున్నది. లోపల ఆంగ్లమున అచ్చువేసిన మాటలకు తాత్పర్యమిది: “తాతా, జన్మదిన శుభాకాంక్షలు. ఈ కార్డుకు ఛార్జింగు అక్కఱలేదు. తెఱచుటకు పాసువర్డును అక్కఱలేదు.” దాని క్రింద మనుమరాలు స్వహస్తముతో, వంకరటింకరగా, తెలుగు లిపిలో వ్రాసినది: “తాతా, ఈసారి వచ్చినప్పుడు నీకు ఫోను నేర్పిస్తా. నువ్వు నాకు చెరువు చూపించు.”

మేము చదివి చెప్పగా ముసలాయన కన్నుల నీరు వచ్చునట్లు నవ్వెను. “ఈ బొమ్మలో ముసిలోడు నేనేనా సార్? రిమోటు చెవికి పెట్టుకునేంత తెలివి నాకేడుంది!” అని మరల నవ్వెను. మేమును నవ్వితిమి. అరుగు మీదనున్న పొరుగింటి కుఱ్ఱవాడును నవ్వి, “మా అవ్వ గూడ ఇంతే సార్. ఫోను తలకిందులుగా పట్టుకొని అలో అలో అంటాది” అనెను. అవ్వ అప్పుడు గడపకడనే నిలుచుండెను. ఆమె యేమియు ననలేదు. కొంగు సవరించుకొని లోపలికి బోయెను. ఆమె చేతిలో తన ఫోనుండుట మేము పిమ్మట గమనించితిమి. మమ్ము నేదో యడుగవలెనని వచ్చినది, అడుగకయే మరలిపోయినది.

ఒకే బొమ్మ, ఒకే హాస్యము. ఒకసారి నవ్వగా వేలమైళ్ల దూరమున నున్న తాతయు మనుమరాలును దగ్గఱయైరి. మరల నవ్వగా ఒక్క గోడ నడుమనున్న అవ్వయు మనుమడును దూరమైరి. ఈ భేదమెట్లు కలిగినది? ఇదియే మేము విచారింపబూనిన విషయము.

క్రొత్త సాధనమును జూచి యొక తరమువారు తికమకపడుటయు, మఱియొక తరమువారు నవ్వుటయు నేటి వింత గాదు. శుభాకాంక్షల కార్డు చరిత్రయే దీనికి సాక్షి. 1843లో లండనునందు హెన్రీ కోల్ అనునాతడు స్నేహితులందఱకు జాబులు వ్రాయుటకు దీరికలేక, హార్స్లీ యను చిత్రకారునిచే బొమ్మ వేయించి క్రిస్మసు కార్డు లచ్చొత్తించెను. ఆ బొమ్మలో పసిబిడ్డచే ద్రాక్షసారాయము త్రాగించుచున్నట్లుండుట జూచి మద్యపాన నిషేధవాదులు మండిపడిరి. మన దేశమున 1879 జూలై 1న కాలణా పోస్టుకార్డు వచ్చెను. తరువాత తంతిశాఖవారు శుభాకాంక్షలకు సిద్ధవాక్యములు కూర్చి, వానికి సంఖ్యలిచ్చిరి. పెండ్లికొక సంఖ్య, పండుగకొక సంఖ్య. పంపువాడు అంకె వ్రాసిన జాలును, ఆశీర్వాద మావలియూరికి జేరును. ఆ తంతి 2013 జూలై 14తో ముగిసినది. 1992 డిసెంబరు 3న బ్రిటనులో నీల్ పాప్‌వర్త్ అను ఇంజనీరు ఫోనునకు పంపిన మొట్టమొదటి లిఖితసందేశ మేమనగా, అదియు క్రిస్మసు శుభాకాంక్షయే. ఏ సాధనము పుట్టినను మనుష్యుడు దానితో ముందుగా జేయు పనులలో నొకటి, దూరమున నున్నవాని క్షేమము గోరుట.

ఈ కాలమున మన పెద్దలు తెల్లవారగనే పూవులు, దీపములు, సూర్యబింబము గల బొమ్మలను బంధువులందఱకు పంపుచుందురు. ఈ శుభోదయ చిత్రములచే హిందూదేశమున ఫోనులు నిండి నిలిచిపోవుచున్నవని గూగుల్ కంపెనీవారు కనుగొని, వానిని ఏఱి తుడిచివేయు నుపాయమును కల్పించిరి. 2018లో ఈ వార్త పత్రికలలో వెలువడగా లోకము నవ్వినది. మేమును నవ్వితిమి. కాని ఆ చిత్రము పంపునది యెవరు? ఒంటరి యింటిలో నాలుగు గంటలకే నిద్రలేచి, తాను బ్రదికియున్నట్లు కొడుకునకు దెలుపుటకు వేఱు సాకు దొరకని తల్లి. ఆ చిత్రమునకు మాటలలో అర్థము “శుభోదయము” కావచ్చును, అసలర్థము “నేనున్నాను, నీవున్నావా?” యనియే.

మన లాక్షణికులు నవ్వును చక్కగా పరిశీలించిరి. భరతుడు నాట్యశాస్త్రమున హాస్యమును ఆత్మస్థము, పరస్థమని రెండుగా విభజించి, స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు భేదములు చెప్పెను. అందు మొదటి రెండును ఉత్తములకు, నడిమి రెండును మధ్యములకు, కడపటి రెండును అధములకు దగినవట. ఈ విభాగము నవ్వువాని పెదవులను, కన్నులను, భుజములను జూచి చేసినది. రంగస్థలమునకు అది చాలును. సంసారమునకు మాత్రము నవ్వబడినవాని ముఖమును జూచి చేయు విభాగము కావలెను. మెల్లగా నవ్విన స్మితము గూడ ఎదుటివాని నోరు మూయించినచో నది యుత్తమము గాదు. పకపక నవ్విన నవ్వైనను, ఎదుటివాడు తానును గలసి నవ్వినచో నందు దోషము లేదు.

మా చిన్నతనమున పల్లెలలో ఉత్తరము చదివిపెట్టుట యొక ధర్మముగా నుండెను. అక్షరము రాని తల్లి, పరదేశమున కూలికి బోయిన కొడుకు వ్రాసిన కార్డు దెచ్చి బడిపంతులు ముందు నిలుచుండును. పంతులు చదువును. అందు అప్పుల మాట యుండును, కోడలి మీద నేరము లుండును, చెప్పరాని వ్యాధి యుండును. చదివినవాడు వానిని కడుపులో నుంచుకొనవలెను. అక్షరములు రానందుకు ఆ తల్లిని నవ్వుట యెవరికిని తోచలేదు. నవ్వినచో ఆమె మరల రాదు. ఆమె రాకున్నచో ఆ కొడుకు మాట ఆమెకు జేరదు. చదువు వచ్చినవాడు చదువు రానివారికి చెవియు, నోరునై యుండవలెనని ఏ శాస్త్రమును జెప్పకయే మావారు తెలిసికొనిరి.

నేడు ఆ పంతులు పని మనుమలకు వచ్చినది. ఫోనులోని సంఖ్య చూచిపెట్టుట, వచ్చిన సందేశము చదివిపెట్టుట, డబ్బు పడినదో లేదో చెప్పుట, ఇవన్నియు పండ్రెండేండ్ల పిల్లలు చేయుచున్నారు. పని వారికి జేరినది గాని, ఆ పనితో గూడిన మర్యాదను మనము వారికి జేర్చలేదు. ఇందులో తప్పు పిల్లలది కాదు. నడిమి తరమువారమగు మాది. ఇది యితరులను నిందించుటకు వ్రాయుట లేదు. మా యింటి మాటయే చెప్పెదము.

ఆఱేండ్ల క్రిందట మా నాయనకు క్రొత్త ఫోను కొనిపెట్టితిమి. ఆయన మొదట దినమునకు పదిసార్లు అడుగుచుండెను. ఒకనాడు, తుడిచిన చిత్రమెక్కడికి బోవునని యడిగెను. మేము బడి కాగితములు దిద్దుచు విసుగుతో, “ఎనుము మేతకు బోయినట్లు పోతుంది, సాయంత్రానికి వస్తుంది లే నాయనా” అని నవ్వితిమి. ఇల్లంతయు నవ్వెను. నాయనయు నవ్వెను. ఆ మాట మాకు చమత్కారముగనే దోచెను. ఆ దినమునుండి ఆయన యడుగుట తగ్గించెను. మేము దానిని ఆయన నేర్చుకొన్నాడనుటకు గుర్తుగా దలచితిమి.

కొన్ని మాసములకు, వేరుసెనగ యమ్మిన సొమ్ము బ్యాంకులో నుండగా, ఎవడో ఫోను చేసి, తాను బ్యాంకువాడనని చెప్పి, ఫోనునకు వచ్చిన ఆఱంకెల సంఖ్య నడిగెను. నాయన చెప్పెను. సొమ్ము పోయెను. ఇట్టి మోసములను దెలుపుటకు ప్రభుత్వమువారు 1930 అను ఫోను సంఖ్య నేర్పఱచియున్నారు. ఎంత త్వరగా దెలిపినచో సొమ్మును నిలుపుటకు అంత అవకాశము. మా నాయన మాకు దెలిపినది మూడవ దినమున. “ఆ సంఖ్య చెప్పే ముందు నన్నొకమాట అడగకూడదా నాయనా? పోయినప్పుడైనా చెప్పకూడదా?” అని మేము కోపించితిమి. ఆయన నేలవైపు చూచుచు, “నువ్వు నగుతావని అడగలేదప్పా” అనెను. శెనక్కాయల దుడ్డు ఆ సంవత్సరమునకు బోయినది. ఆ మాట మాత్రము నాయన గతించిన పిమ్మటను మమ్ము విడువలేదు.

కావున ఇది కేవలము మర్యాదకు సంబంధించిన విషయము గాదు. నేడు రేషను బియ్యమునకు యంత్రము మీద వ్రేలు పెట్టవలెను. జీవితమంతయు కలుపు తీసి, కాయలు వొలిచి, రేఖ లరిగిపోయిన వ్రేళ్లను యంత్రము గుర్తింపదు. పింఛనునకు, బ్యాంకునకు, ఆస్పత్రికి అంకెలు చెప్పవలెను. పూర్వము యంత్ర మెఱుగనివాడు యంత్రమునకు దూరముగా బ్రదుకగలిగెను. ఇప్పుడు దాని ద్వారముననే బియ్యము రావలెను. అట్టి ద్వారము కడ నిలిచి దారి యడుగువానిని నవ్వుట, ఎండలో నీరడిగినవానిని నవ్వుట వంటిది.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. సంస్కర్తలు పెద్దలను నవ్వలేదా? వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, హాస్యసంజీవనిని గూడ నడపి, పూర్వాచారపరుల నెంత నవ్వించి నవ్విరి! 1892లో మొదట నాడబడిన గురజాడవారి కన్యాశుల్కమున, ముసలితనమున పసిపిల్లను గొనబోవు లుబ్ధావధాన్లను జూచి తెలుగుదేశమంతయు నవ్వలేదా? పెద్దలను నవ్వరాదన్నచో సంస్కరణమే యాగిపోవును గదా యని.

ఈ యాక్షేపము తేలికగా ద్రోయదగినది గాదు. కాని ఆ మహనీయులు నవ్వినది దేనిని? లుబ్ధావధాన్లు ముసలివాడగుట తప్పు గాదు. ముసలితనమున నుండియు పసిపిల్ల జీవితమును సొమ్మిచ్చి కొనగల యధికారము ఆతని చేతనుండుట తప్పు. నవ్వు ఆ యధికారము మీద బడినది. ఆ నాటకముననే ఆంగ్లము మాటలాడుచు, చుట్టలు గాల్చుచు దిరుగు క్రొత్త తరపు గిరీశము గూడ నవ్వుల పాలయ్యెను. అనగా వారి హాస్యమునకు వయస్సుతో బనిలేదు. బలము గలవాని దోషమును నవ్వుట సంస్కరణము. బలహీనుని తెలియమిని నవ్వుట బలాత్కారము. యంత్రము విషయమున నేడు బలమెవరి చేత నున్నది? సందేహములేదు, చిన్నవారి చేత.

పెద్దలును ఈ దోషమునకు దూరులు గారు. బలము తమ చేతనున్న చోట వారు చేయుచున్న దీ పనియే. మా బడిలోని బాలు డొకడు పొలములో తాతను “కపిల అంటే ఏమి?” అని యడిగెను. మోటబావి కడ ఎద్దులచే నీరు తోడించు నా సాధనము వాడు పుట్టుటకు ముందే మూలబడినది. వాడు చూచి యెఱుగడు. ఆ తాతయు, ఆయన స్నేహితులును, “రైతు కడుపున పుట్టినోడు అడిగే మాటేనా ఇది!” యని చప్పట్లు చఱచి నవ్విరి. ఆ బాలుడు మరల పొలమును గూర్చి ఏమియు నడుగలేదు. అయిదువందలయేబది మిల్లీమీటర్ల వానతో నేడాదియంతయు నెగ్గుకొని రావలసిన యీ నేలలో, ఏ మన్ను ఎంత తడిని నిలుపునో, ఏ కార్తెలో విత్తనము వేయవలెనో ఆ ముసలివారికి దెలియును. ఆ తెలివి వారి నవ్వుతోనే యాగిపోయినది. మనుమడు ఫోను నేర్పలేదని వగచు పెద్దలు, తాము మనుమనికి నేర్పకుండ మిగిల్చిన దానిని గూడ లెక్కింపవలెను.

ఛాందోగ్యోపనిషత్తునందు శ్వేతకేతువు కథ యిందుకు వెలుగు చూపును. ఆతడు పండ్రెండవయేట గురుకులమునకు బోయి, ఇరువదినాలుగవయేట వేదములన్నియు జదివి, తన్ను మించినవాడు లేడని బిగిసికొని యింటికి వచ్చెను. తండ్రి ఉద్దాలకుడు ఆ గర్వమును జూచెను, నవ్వలేదు. దేనిని దెలిసికొన్నచో తెలియనిదియు దెలిసినట్లగునో దానిని గురువు నడిగితివా యని ప్రశ్నించెను. కొడుకు ఎఱుగననెను, తామే చెప్పుడని వేడెను. తండ్రి మఱ్ఱిపండు తెప్పించి, గింజ పగులగొట్టించి, ఉప్పును నీట కలిపించి, రుచి చూడుమని, ఓపికతో బోధించెను. ఆ తండ్రి మొదటి ప్రశ్నకే పరిహసించియుండినచో ఆ యధ్యాయము మనకు లేకపోవును. “ఎఱుగను” అను మాట కొడుకు నోట నిర్భయముగా వెడలుటయే అందలి మొదటి యుపదేశమని మాకు దోచుచున్నది.

మనుష్యులకంటె యంత్రములయెడ మనకు దయ యెక్కువయైనట్లున్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీవారి ఫోనులు ఒక తెలుగు సంయుక్తాక్షరము కనబడినంతనే తడబడి, సందేశములు చదువు ఏర్పాటులు నిలిచిపోయినవి. ఆ యక్షరము “జ్ఞా”. జ్ఞానమునకు మొదటి యక్షరము! మా రెండవ తరగతి పిల్లలు పలకమీద వ్రాయు నక్షరమును జూచి లోకమున ప్రసిద్ధిగన్న యంత్రము మూర్ఛపోయెను. కంపెనీవారు కొలదిదినములలో దిద్దుబాటు పంపిరి; యంత్రము తేఱుకొన్నది. యంత్రమునకు దెలియనప్పుడు దిద్దుచున్నాము. తాతకు దెలియనప్పుడు నవ్వుచున్నాము.

మా చెరువును మొదటి బుక్కరాయల కాలమున, 1364లో, ఆయన యుద్యోగి చిక్క ఒడయరు పండమేరున కడ్డముగా గట్టించెనని చరిత్ర. ఆనాటికి అదియు క్రొత్త యంత్రమే. కట్ట బలమును, తూము తెఱపును, మరవ యెత్తును తెలిసినవాడు తెలియనివానికి నేర్పుచు వచ్చుటచేతనే అది యింతకాలము నిలిచినది. ఒక్క తరము నేర్పుట మానినను, ఒక్క తరము అడుగుట మానినను కట్ట తెగును. ఈ చెరువు కట్ట తెగినప్పుడు బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తన్ను బలి యిచ్చుకొన్న కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా వ్రాసిరి. పేరు ముసలమ్మయే గాని, ఆమె పడుచుది. ఆమె త్యాగమునకు మ్రొక్కుచు మేము పెరిగితిమి. ఇప్పుడు మాత్రము కట్టమీద నిలిచి చూచిన పెద్దల మాట గూడ తలపునకు వచ్చును. ఒక తరము గట్టు నిలుచుటకు మఱియొక తరము మునుగ నక్కఱలేని యుపాయమును వెదకుటయే మనబోటి వారి కర్తవ్యము. పెద్దలకు మ్రొక్కి పిన్నలను మూగవారిని జేయుటయు తగదు. పిన్నలను మెచ్చి పెద్దలను మూగవారిని జేయుటయు తగదు.

ఇట్లనుటచే ఇండ్లలో నవ్వు మానవలెనని మా మతము గాదు. ఆ మనుమరాలి కార్డు మంచి కార్డు. అందలి నవ్వు ఎందుకు నొప్పింపలేదో యిప్పుడు తెలియుచున్నది. బొమ్మ క్రింద ఆమె వ్రాసిన రెండు మాటలలో నొకటి “నేర్పిస్తా” యని, రెండవది “చూపించు” అని. తన కెక్కువ తెలిసిన దొకటి, తాతకెక్కువ తెలిసిన దొకటి యని యొప్పుకొని, ఆ పిమ్మట నవ్వినది. పొరుగింటి కుఱ్ఱవాని నవ్వులో ఆ రెండు మాటలును లేవు. నవ్వునకు మాకు దోచిన పరీక్ష యొక్కటే: మన నవ్వు ముగిసిన పిమ్మట, ఎదుటివానికి మనల మరల నడుగుటకు నోరు మిగిలినదా? మిగిలినచో ఆ నవ్వు ఇంటికి దీపము. మిగులనిచో అది యెంత చమత్కారమైనను చేటే.

మఱునాడు మేము ఆ కుఱ్ఱవానిని పిలిచి, మా నాయన కథ చెప్పితిమి. వాడు తల వంచుకొని లేచిపోయెను. సాయంకాలము వాడును అవ్వయు వారి యరుగు మీద గూర్చుండగా జూచితిమి. ఆమె ముందునా డడుగ వచ్చినది పెద్ద విషయము గాదు. బెంగుళూరులో నున్న కూతురు గొంతుతో పంపిన మాట యొకటి ఫోనులో నున్నదట. దానిని మరల వినుట యెట్లో తెలియలేదట. మనుమడు ఆమె వ్రేలు పట్టుకొని చూపుచుండెను. నాలుగుసార్లు తప్పెను, అయిదవసారి కూతురి గొంతు వినవచ్చెను. ఇద్దఱును నవ్విరి.

ముసలాయన మనుమరాలికి జవాబు వ్రాయుమని కార్డు దెచ్చెను. ఏమి వ్రాయవలెనని యడుగగా కొంతసేపు ఆలోచించి, “ఫోను నేర్చుకుంటానని రాయండి సార్. చెరువులో నీళ్లుండేటప్పుడే రమ్మని రాయండి” అనెను. అట్లే వ్రాసి పంపితిమి.